నిమ్మచెట్టు తొట్టికి కొసరు అంగుళాలు

హాల్లో ఉన్నవి: నా భుజమంత ఎత్తు నిమ్మచెట్టు ఒకటి. దాన్ని మోస్తున్న వేపచెక్క తొట్టి. తొట్టి కింద ఇంకా లాగని రెండు వెదురు బొంగులు. చెట్టు వెనక దాక్కున్న టీవీ. కుర్చీ మీద, ఆ ఉదయం పదవీ విరమణ సభలో కప్పిన శాలువాలు మూడు.

హాల్లో ఉన్నవాళ్లు: చొక్కా వెన్నుకు అతుక్కుపోయిన మా ఆఫీసు పెద్ద, డీఈ గారు. మా వర్క్ ఇన్‌స్పెక్టర్ అన్న. నేను. ఆ ఇంటి మనిషి, ఆ రోజే రిటైరైన మా ఆఫీసు సీనియర్ అసిస్టెంటు. ఆమెను ఆఫీసంతా అక్క అనే పిలుస్తుంది. బొంగులు పట్టడానికి సాయం వచ్చిన ఆ వీధి మగవాళ్లు గోడలకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నారు.

బాల్కనీలో ఉన్నవి: ఏమీ లేవు. ఉండాల్సింది నిమ్మచెట్టు.

హాల్లోంచి బాల్కనీకి వెళ్లే తలుపు సందు ఇరవై ఏడు అంగుళాలు. తొట్టి బయటి వెడల్పు ఇరవై ఎనిమిదిన్నర.

కొత్తగా సబ్ డివిజన్ ఆఫీసుల్లో ఇంజనీర్లుగా చేరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! శిక్షణలో మీకు కల్వర్టు కట్టడం చెబుతారు. తూము ఎట్లా దించాలో చెబుతారు. చెక్క తొట్టి కట్టడం ఎవరూ చెప్పరు. జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు. రిటైరయ్యాక రాస్తే అంగుళాలు మరిచిపోతానేమోనని ముందే రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు చిత్తూరులో. ఆఫీసు పాతది, పైకప్పు పెచ్చులు ఊడుతుండేది. దాని వెనక పెరట్లో ఈ నిమ్మచెట్టు. అక్క ఆ ఆఫీసుకు వచ్చిన మొదటి వేసవిలో నాటిందట. ఎండలో సైటు చూసుకుని వచ్చిన ఎవరికైనా ఉప్పూ చక్కెరా కలిపిన నిమ్మరసం గ్లాసు ముందు దొరికేది, ఫైలు తర్వాత దొరికేది. ఆఫీసుకు కొత్త జీపు వచ్చినప్పుడు చక్రాల కింద పెట్టిన నాలుగు కాయలూ ఆ చెట్టువే. అడక్కుండా కోసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. డీఈ గారు బదిలీ మీద వచ్చిన కొత్తలో తెలియక ఒకటి కోశారు. అక్క అటెండెన్స్ రిజిస్టరు ఆయన ముందుకు జరుపుతూ, "సార్, ఈడ సంతకం మీది. ఆడ చెట్టు నాది" అంది. ఆయన ఆ తర్వాత అడిగే కోసుకున్నారు. దొరికినప్పుడు థాంక్స్ కూడా చెప్పేవారు. మా బిల్లులకు ఆయన ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

పాత ఆఫీసు పడగొట్టి అక్కడే కొత్తది కట్టాలని మంజూరు వచ్చింది. కొత్త నక్షాలో నిమ్మచెట్టు ఉన్న చోట ఒక పునాది గుంత ఉంది. పడగొట్టే యంత్రం అక్క రిటైరైన తర్వాతి సోమవారం వస్తుంది. నక్షా మార్చడం మా చేతిలో లేదు. ఆ మాట డీఈ గారే చెప్పాల్సి వచ్చింది.

"చెట్టే కదా సార్. పోతే పోతాదిలే" అంది అక్క. ఆ మధ్యాహ్నం మాకు వచ్చిన నిమ్మరసంలో ఉప్పు లేదు, చక్కెరా లేదు. డీఈ గారూ, అన్నా, నేనూ మొహాలు చూసుకుని తాగేశాం.

గ్లాసు కింద పెడుతూ ఇన్‌స్పెక్టర్ అన్న అన్నాడు: "చెట్టును ఆమె ఇంటికే పంపిస్తే?"

"ఆమె ఉండేది మేడ మీద పోర్షన్‌లో కదన్నా."

"బాల్కనీ ఉండాది గదా సారూ. తొట్టిలో పెడితే ఆడ బతకదా?"

నన్ను ఆయన సారూ అని సాగదీసి పిలిచేవాడు. నేను ఇంజనీరును, ఆయన ఇన్‌స్పెక్టరు కాబట్టి సార్. నా వయసు ఆయన చెప్పుల వయసంత కాబట్టి ఆ సాగదీత.

పెద్ద సిమెంటు కుండీ ఒకటి కొందామన్నాను. డీఈ గారికి అది అవమానంగా తోచింది. "కాలువలు కట్టే ఆఫీసు ఇది. అక్క రిటైరైతే కుండీ కొనిస్తామా? నవ్వుతారప్పా. మనమే కడదాం."

అట్లా ఆ పని మా ఆఫీసు చేతికి వచ్చింది.

తెలిసిన తోటల అధికారి ఒకాయన ముందుగానే ఒక హెచ్చరిక చేశాడు. నిమ్మవేరును రెండుసార్లు కదిలిస్తే చెట్టు దక్కదు. వేళ్ల చుట్టూ మట్టిని ముద్దగా తవ్వి, పెరట్లోనే తొట్టిలోకి దించి, తొట్టితో సహా తీసుకుపోవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఖాళీ తొట్టి ఏ తలుపులోంచైనా పక్కకు ఒరిగి పోతుంది. చెట్టు ఉన్న తొట్టి ఒరగదు.

నేను ఒక ఆదివారం అక్క ఇంటికి వెళ్లి కాఫీ తాగి, దారి మొత్తం కొలిచాను. బయటి మెట్లు, మలుపు, వీధి తలుపు అన్నీ విశాలమే. ఇరుకు ఒక్కచోటే, బాల్కనీ తలుపు. సందు ఇరవై ఏడు. దాన్నిబట్టి నేను వేసిన లెక్క ఇది: వేళ్ల మట్టిముద్ద అడ్డం పదహారు అంగుళాలు. తొట్టి లోపల పద్దెనిమిది, నాలుగు వైపులా సమానం. చిత్రిక పట్టాక చెక్క మందం అంగుళం. పలకలు విడిపోకుండా బయట చుట్టూ కొట్టే రీపరు అంగుళం. మొత్తం బయటికి ఇరవై రెండు. తలుపులో అయిదు అంగుళాలు మిగులు.

మాది నగరి. మా నాయన మగ్గం నేసిన మనిషి. పోగు తక్కువైతే బట్ట పలచన, ఎక్కువైతే నూలు దండగ అనేవాడు. కొలత విషయంలో ఉన్నదే ఉండాలి అన్నది మా ఇంటి పద్ధతి. చిత్తూరు పద్ధతి వేరు. అక్కడ టమాటాలు తూచాక పైన ఒకటి వేయకపోతే బేరం ముగియదు. కొసరు వేయనివాడిని మనిషిగా చూడరు. ఈ మర్యాద కూరగాయలకే పరిమితం అనుకున్నాను.

డీఈ గారు నా బొమ్మ చూసి కళ్లజోడు పైకి తోశారు.

"ఒక్క అంగుళం చెక్కా? తడిసిన మట్టి ఎట్ల తోస్తాదో తెలుసునా నీకు? కాలువ గట్టును అట్టముక్కతో కడతావా?"

"సార్, ఇది పద్దెనిమిది అంగుళాల లోతే."

"అంగుళమున్నర వెయ్. లోపల ఇరవై చెయ్. వేరుకు ఊపిరాడాల గదా."

"అప్పుడు బయటికి ఇరవై అయిదు అవుతుంది సార్. తలుపు ఇరవై ఏడు."

"ఇంకా రెండు మిగుల్తా ఉండాయి గదప్పా. ఆ రెండూ పెట్టుకుని ఏం చేస్తావు?"

సరేనన్నాను. ఇరవై అయిదుకు బొమ్మ మళ్లీ వేసి ఇన్‌స్పెక్టర్ అన్నకు ఇచ్చాను. మరుసటి రోజే పలమనేరు వైపు ఒక కల్వర్టు కాంక్రీటు పని పడింది. ఆ వారమంతా అక్కడే ఉన్నాను. తొట్టి పని అన్న చేతిలో పెరిగింది. పెరిగింది అన్న మాట అక్షరాలా వాడుతున్నాను.

తర్వాత తెలిసిన సంగతులు వరసగా చెబుతాను. సామిల్లు యజమాని అన్నతో, పచ్చి వేప కాబట్టి రెండు అంగుళాల మందం కోయించుకోమనీ, ఆరి చిత్రిక పట్టేసరికి అంగుళమున్నర మిగులుతుందనీ చెప్పాడు. అది సరైన సలహా. అన్న రెండు అంగుళాలు కోయించాడు. పెరట్లో పలకలు ఆరబెట్టాడు. చిత్రిక చేతికి తీసుకున్నాడు. తీసుకుని, చెక్క ముఖం చూశాడు. ఎర్రగా, చార చారగా బాగుందట. "ఇంత మంచి చెక్కను గీకి పొట్టు చేస్తామా సారూ?" అని నన్నే అడిగాడు తర్వాత. పైపైన నున్న చేసి రెండు అంగుళాలూ ఉంచేశాడు. అంత లావు పలకలకు అంగుళం రీపరు కంటికి ఆనలేదు. అంగుళంపావు వేశాడు. మూడంగుళాల స్క్రూలు బిగించి, వాటి తలల మీద లప్పం పెట్టి మూసి, వార్నిషు కొట్టాడు.

నేను తిరిగి వచ్చింది సభ రోజు ఉదయం. అప్పటికే చెట్టు తొట్టిలో కూర్చుని ఉంది. ఎవరో దానికి బంతిపూల మాల కూడా వేశారు.

"అన్నా, లావుగా కనిపిస్తోందే?"

"కొంచెం కండ పట్టింది సారూ."

"బయటికి ఇరవై అయిదే గదా?"

"అంతే. అటూ ఇటూ."

అటూ ఇటూ అన్నవాణ్ణి వదిలేసి ఉపన్యాసాలు వినడానికి వెళ్లకండి. టేపు జేబులోనే ఉంది. అప్పుడే మైకులో నా పేరు పిలిచారు.

సభ అయ్యాక తొట్టిని ట్రాలీ ఆటో ఎక్కించాం. అక్క వీధిలో దించి, తాళ్లు కట్టి, బొంగులు దూర్చాం. ఎనిమిది మంది భుజాలు పెట్టాం. మెడలో దండతో అక్క ముందు నడుస్తోంది. వెనక బంతిమాలతో చెట్టు. పక్కింటి అవ్వ గడపలోకి వచ్చి చేతులు జోడించింది.

"ఏ దేవుడప్పా వస్తాండేది?"

"నిమ్మస్వామి అవ్వా. కాణిపాకం దావలో కొత్తగా వెలసినాడు" అన్నాడు అన్న, బొంగు కింద నుంచి.

"ఓరి నీ పాసుగూల" అని తిట్టింది అవ్వ. అయినా జోడించిన చేతులు వెంటనే దించలేదు.

మెట్లు ఎక్కాం. మలుపు తిరిగాం. వీధి తలుపు దాటి హాల్లోకి వచ్చాం. బాల్కనీ తలుపు ముందు ఆగిపోయాం. నేను టేపు తీశాను. తర్వాతది మొదట్లోనే చెప్పాను.

"అడ్డం తిప్పండప్పా" అన్నారు డీఈ గారు.

"నాలుగు వైపులా ఒకటే సార్. ఎట్లా తిప్పినా అంతే."

"పడుకోబెడితే?"

"మట్టి జారితే వేరు తెగుతుంది సార్."

"తలుపు ఫ్రేము ఊడదీస్తే?"

"ఓనరు నన్ను ఊడదీస్తాడు సార్" అంది అక్క, వంటింట్లోంచి.

వీధివాళ్లలో ఒకాయన, హాల్లోనే ఉంచుకోమని, సీరియల్ చూస్తూ కాయలు కోసుకోవచ్చని సలహా ఇచ్చాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేను చెట్టు వైపు చూశాను. పొద్దున నిగనిగలాడిన లేత కొసలు అప్పటికే వేలాడుతున్నాయి. ఆ హాలుకు ఎండ రాదు. ఎండ వచ్చేది బాల్కనీకే. తిరిగి ఆఫీసుకు తీసుకుపోదామంటే అక్కడ సోమవారం యంత్రం. చెట్టుకు మిగిలిన చోటు ఆ తలుపు అవతల ఉంది. మేము ఇవతల ఉన్నాం.

అక్క కాఫీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని నేల మీద కూర్చుని నేను ఆరున్నర అంగుళాలు ఎక్కడ పెరిగాయో లెక్క తీయడం మొదలుపెట్టాను. మొదట నా ఇరవై రెండు. డీఈ గారివి మూడు.

"నన్ను కలపద్దు. అది మందం. మందం వేరే" అన్నారాయన.

"మందం కూడా తలుపులోంచే పోవాలి సార్."

తర్వాత అన్న. చెక్కలో ఒక అంగుళం, రీపర్లలో అర అంగుళం. ఆయన అడగకముందే ఒప్పుకున్నాడు, అదీ గర్వంగా. నేను కూడా కొసరు వేయనివాణ్ణేమీ కాను. మట్టిముద్ద పదిహేను ఉంటే పదహారు అని వేసినవాణ్ణే. అదంతా కలిపినా ఇరవై ఆరున్నర దగ్గర ఆగిపోతోంది. ఇరవై ఆరున్నర అయితే తలుపులోంచి పోయేది. తొట్టి లోపల టేపు పెట్టి చూశాను. ఇరవై ఉండాల్సిన చోట ఇరవై రెండు ఉంది.

"అన్నా, ఇంకో రెండు అంగుళాలు ఎవరివి?"

అన్న కాఫీ గ్లాసులోకి చూశాడు. డీఈ గారు పైకప్పు చూశారు, పగుళ్లేమైనా ఉన్నాయేమోనని.

"నావి" అంది అక్క.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. దండ ఇంకా తీయలేదు.

"నువ్వు పలమనేరు పోయినప్పుడు నేనే చెప్పినా, లోపల ఇంకో రెండు పెంచమని. నీకు చెప్పద్దంటి. చెప్తే లెక్క చూపిస్తావు గదా."

"ఎందుకక్కా?"

"ఏమో అబ్బా. బీరువా తాళాలు అప్పజెప్పినా. టేబులు అప్పజెప్పినా. ఆ కుర్చీ కూడా ఇచ్చేస్తి. ఆ ఆఫీసు నుంచి నేను తెచ్చుకునేది ఇదొకటే గదా. రవ్వంత పెద్దగా ఉండనీలే అనుకొన్యా."

అన్న గ్లాసు కింద పెట్టాడు.

"ముందే చెప్పింటే అక్కా, మీ ఓనరుతో మాట్లాడి తలుపుకు కూడా కొసరు ఏయించేవాళ్లం గదా."

ఆమె నవ్వుతూ, దండ తీసి చెట్టు కొమ్మకు తగిలించింది.

అక్క అంగుళాలు వెనక్కి తీయడం కుదరదు. అవి మట్టితో నిండి ఉన్నాయి. డీఈ గారివీ అంతే. బయట ఉన్నవి అన్న రీపర్లే. తలుపుకు అటూ ఇటూ వచ్చే రెండు వైపులవి ఊడదీస్తే రెండున్నర తగ్గుతుంది. ఇరవై ఆరు. ఒక్కో పక్కన అర అంగుళం సందు. ఆ మాట చెప్పాను.

అన్న మొహం చూడాల్సింది. "మూడంగుళాల స్క్రూలు సారూ. లప్పం పెట్టినా. వార్నిషు రెండు చేతులు కొట్టినా. సొంత ఇంటికి కూడా ఇంత సక్కగా సేసుకోలా." లేచి ఒక రీపరు మీద అరచేయి రాశాడు. చెట్టు వేలాడుతున్న కొసలు చూశాడు. "అక్కా, ఒక పాత కత్తి ఇయ్యి" అన్నాడు.

లప్పం గీకి, స్క్రూలు ఒక్కొక్కటిగా విప్పాడు. రీపర్లు ఊడి వచ్చాయి. పలకలు వెంట్రుకవాసి కూడా ఉబ్బలేదు.

"సూసినారా?" డీఈ గారు అందరి వైపూ తిరిగారు. "ఒక అంగుళం పలకైతే ఈ పాటికి మట్టంతా హాల్లో ఉండేది. మందం వేరే అని అందుకే అంటి."

నిజమే. నేను ఒప్పుకోక తప్పలేదు. ఆయన ఇప్పటికీ ఆ మాట ఫోనులో గుర్తుచేస్తారు.

బొంగులు లాగేసి, తొట్టి కింద తడి గోనెసంచులు పరిచాం. కొమ్మలు తలుపుకు తగిలి విరగకుండా దగ్గరికి కట్టాలి. ముళ్లు. చేతికి ఏదీ దొరక్క అటూ ఇటూ చూస్తుంటే అక్క కుర్చీ మీది శాలువాలు తెచ్చింది. ఒకటి సరిపోలేదు. మూడూ చుట్టింది. సభలో ఆమెకు కప్పినప్పటి కన్నా చెట్టుకు చుట్టినప్పుడు బాగా అమిరాయి. అందరం కలిసి తోశాం. ఎడమ పక్క ఒకసారి ఫ్రేముకు రాసుకుని రంగు గీరుకుపోయింది. తొట్టి బాల్కనీలోకి జారింది. బరువు అంచు మీద పడకుండా గోడ వారకు జరిపించి, డీఈ గారు కాలితో తట్టి చూశారు, కల్వర్టు గోడను తట్టినట్టు.

ఊడిన రీపర్లను అన్న అక్కడే మళ్లీ బిగించాడు. కాబట్టి తమ్ముళ్లూ, అక్క ఇల్లు మారాల్సి వస్తే, ఆ రీపర్లు మళ్లీ విప్పితే తప్ప ఆ చెట్టు ఆ తలుపులోంచి రాదు. ఆ సంగతి ఎవరమూ ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలియకుండా ఉండదు.

మొదటి నెల బాగా లేదు. ఆకులన్నీ పసుపెక్కి రాలాయి. నాకు తిరుపతి బదిలీ వచ్చింది. ఫోను చేస్తే అక్క చెట్టు ఊసు ఎత్తేది కాదు. నేను అడిగేవాణ్ణి కాదు. అన్న మాత్రం ఆ వీధిలో పనున్నట్టు రోజూ పోయి కింద నుంచి తల ఎత్తి చూసి నాకు కబురు చెప్పేవాడు. "పుల్లలే సారూ." కొన్నాళ్లకు, "పుల్లలే. కానీ పచ్చి పుల్లలు." వానలు మొదలయ్యాక ఒక రోజు ఆయన ఫోనులో ఏమీ మాట్లాడకుండా నవ్వడం మొదలుపెట్టాడు. చిగురు వచ్చిందని నాకు అర్థమైంది.

మొన్న తిరుపతి బస్టాండు నుంచి ఫోను. చిత్తూరు బస్సులో నా పేరున ఒక పొట్లం వచ్చింది. అంతకు ముందే అక్క చెప్పింది: "బాల్కనీలో మొదటి కాపు అబ్బా. ఆరు కాయలు పంపిస్తాండా. అందరికీ చూపించు, పిండుకుని తాగు. ఉప్పు మరిచిపోవద్దు."

పొట్లం విప్పి బల్ల మీద లెక్కపెట్టాను. ఏడు.